బ్లాక్ వాల్‌నట్ కలప తోట: నత్రజని తోడు చెట్లతో నాటడం నుంచి కోత దాకా

బ్లాక్ వాల్‌నట్ సొంత గడ్డ అమెరికా నడిమి రాష్ట్రాలు. ఇండియానా, ఇల్లినాయ్, మిస్సోరి, ఒహాయో, అయోవాల్లో లోతైన నేల దొరికితే ఇంత ఖరీదైన కలపనిచ్చే దేశవాళీ చెట్టు మరొకటి లేదనే చెప్పొచ్చు. అక్కడ స్థిరపడి నాలుగెకరాలు కొని చెట్లు పెడదామనుకునే తెలుగువాళ్ళ కోసం ఈ మార్గదర్శి. ఆంధ్ర, తెలంగాణ మైదానాల్లో ఈ చెట్టుకి కావాల్సిన చలికాలం లేదు కాబట్టి అక్కడ దీన్ని ప్రయత్నించకండి. కాశ్మీర్‌లో చెక్కడపు పనికి వాడేది వేరే జాతి.

వాల్‌నట్‌లో డబ్బంతా మొదటి దుంగలోనే ఉంటుంది. నేల నుంచి తొమ్మిదడుగుల దాకా ముడి లేకుండా, నిటారుగా, గుండ్రంగా ఉంటే అది వెనీర్‌కి, అంటే ఫర్నిచర్ మీద అతికించే పల్చటి చెక్క పొరలకి, పోతుంది. అదే లావు చెట్టు రెండడుగుల ఎత్తులో పంగ చీలితే వంటచెరకు కంటే కాస్త మెరుగు, అంతే. ఒంటరిగా, ఎండలో, గడ్డి మధ్య నాటిన వాల్‌నట్ సహజంగా పంగలే వేస్తుంది. తోడు చెట్లు పెట్టేది అందుకే. అవి చేసే పనులు రెండు: వేళ్ళ బుడిపెల్లోని సూక్ష్మజీవుల సాయంతో గాలిలోని నత్రజనిని పట్టి నేలకి ఇవ్వడం, పక్కల నుంచి నీడపట్టి వాల్‌నట్‌ని పైకి తోలడం. చాలామంది మొదటిదాని కోసమే నాటుతారు కానీ కలప తోటకి రెండోది కూడా అంతే విలువైనది. అయితే ఆ నీడ పక్కల నుంచే రావాలి. నెత్తి మీద నీడ పడితే వాల్‌నట్ బతకదు. అందుకే ఈ పద్ధతిలో నైపుణ్యమంతా తోడు చెట్టుని ఎప్పుడు నాటాలి, ఎప్పుడు తీసెయ్యాలి అన్న లెక్కలో ఉంది.

ముందు నేల చూడండి

నత్రజని లోటు తోడు చెట్టు తీరుస్తుంది. లోతు లోటు ఏదీ తీర్చదు. నీరు ఇంకిపోయే గరప నేల కనీసం మూడడుగుల లోతు ఉండాలి, నాలుగైదు అడుగులైతే మేలు. ఉదజని సూచిక (pH) 6.0 నుంచి 7.5 మధ్య ఉండాలి. వాగుల వెంట ఒండ్రు నేలలు, ఉత్తరానికో తూర్పుకో వాలిన గుట్టల కింది భాగాలు బాగుంటాయి. గుట్ట నెత్తిన, దక్షిణపు వాలులో, రాతి పొర మీద ఉన్న మట్టిలో వద్దు. చుట్టూ ఎత్తు ఉండి చల్లగాలి నిలిచిపోయే పల్లం కూడా వద్దు. వసంతంలో ఆలస్యంగా పడే మంచు అక్కడ మొవ్వని మాడ్చేస్తుంది.

అమెరికా వ్యవసాయ శాఖ వారి వెబ్ సాయిల్ సర్వేలో మీ చేను మీద గీత గీస్తే నేల రకం, నీరు ఇంకే తీరు ఉచితంగా తెలుస్తాయి. దాంతో సరిపెట్టుకోకుండా చేత్తో తిప్పే మట్టి బరమాతో ఎకరానికి నాలుగైదు చోట్ల నాలుగడుగుల లోతు తవ్వి, వచ్చిన మట్టిని వరసగా గోనెపట్టా మీద పేర్చండి. రెండడుగుల లోపే బూడిదరంగు మచ్చలు కనిపిస్తే ఏడాదిలో కొన్ని నెలలు అక్కడ నీరు నిలుస్తోందని అర్థం. ఆ ముక్కని వాల్‌నట్‌కి వదిలెయ్యండి. బరమా ఒక్కసారిగా ఆగిపోయేంత గట్టి బంక పొర తగిలినా అంతే.

ఏ తోడు చెట్టు

దక్షిణ ఇల్లినాయ్ కేంద్రంగా అమెరికా అటవీ శాఖ పరిశోధకులు ఆటమ్ ఆలివ్, రష్యన్ ఆలివ్, యూరప్ నల్ల ఆల్డర్, బ్లాక్ లోకస్ట్‌లని వాల్‌నట్‌తో కలిపి పరీక్షించి, 1980ల్లో ఫలితాలు ప్రచురించారు. గెలిచింది ఆటమ్ ఆలివ్. దక్షిణ ఇంగ్లండ్‌లోనూ, ఇటలీలోనూ మామూలు వాల్‌నట్‌తో, అంటే మనం తినే అక్రోటు చెట్టుతో, చేసిన ప్రయోగాల్లో కూడా అదే పొద బాగా పనిచేసింది. ఆ పాత ఫలితాలు చదివి ఉత్సాహపడి ఇప్పుడు దాన్ని నాటకండి. పక్షులు పళ్ళు తిని అడవులంతా విత్తనం చల్లాయి. ఇండియానా, ఇల్లినాయ్ లాంటి రాష్ట్రాల్లో దాని అమ్మకం మీద నిషేధం ఉంది.

నల్ల ఆల్డర్ కథ వేరు. మొదట్లో వాల్‌నట్‌తో సమానంగా పెరిగి, 8 నుంచి 13 ఏళ్ళ మధ్య వరసగా చచ్చిపోయింది. కారణం జుగ్లోన్, అంటే వాల్‌నట్ వేళ్ళు, ఆకులు, కాయ తొక్కల నుంచి వచ్చే విషం. గాలి ఆడే నేలలో సూక్ష్మజీవులు దాన్ని విరగ్గొడతాయి. తడి నేలలో అది పేరుకుపోతుంది, ఆల్డర్ తొందరగా పోతుంది. పైగా ఆల్డర్ వాగుల వెంట పాకిపోయే చెట్టు. మీ రాష్ట్రం జాబితా చూడకుండా దాని జోలికి పోవద్దు.

మిగిలింది బ్లాక్ లోకస్ట్. జుగ్లోన్‌ని తట్టుకుంటుంది, నత్రజని బాగా పట్టి ఇస్తుంది, చేవ కట్టిన గుంజలు ఏ మందూ పూయకుండానే దశాబ్దాలు మట్టిలో నిలుస్తాయి. దీని చిక్కల్లా వేగమే. వాల్‌నట్‌తో ఒకే రోజున నాటితే మూడో ఏటికే పైన గొడుగు పట్టేస్తుంది. ఇది అపలేషియన్, ఓజార్క్ కొండలకి దేశవాళీ. ఉత్తరాన ప్రెయిరీ (గడ్డిమైదానాల) ప్రాంతాల్లో మాత్రం దీన్ని కూడా బెడదగానే చూస్తారు. కొనే ముందు రైతులకి సలహాలిచ్చే కౌంటీ ఎక్స్‌టెన్షన్ ఆఫీసులో అడగండి. దీని బెరడు, ఆకు గుర్రాలకి విషం కనుక గుర్రాలు మేసే చోట నాటకూడదు.

దీనికి జోడీగా ఇండిగో బుష్ బాగుంటుంది. నడిమి రాష్ట్రాల దేశవాళీ పొద, చిక్కుడు కుటుంబం, పది పన్నెండు అడుగులు దాటదు, మొదలంటా కొట్టినా మళ్ళీ చిగురిస్తుంది. వాల్‌నట్‌ని ఎత్తుకి తోలలేదు గానీ కింద గడ్డిని అణిచి, నెత్తికెక్కకుండా నత్రజని ఇస్తుంది.

కాయ చిక్కుడులా ఉందని ప్రతి చెట్టూ నత్రజని పట్టదు. మన రేల, చింత ఆ కుటుంబానివే అయినా వాటి వేళ్ళకి బుడిపెలు రావు. అమెరికాలో రెడ్‌బడ్ కూడా అంతే. నర్సరీలో ఎవరైనా రెడ్‌బడ్‌ని నత్రజని చెట్టని చూపిస్తే కొనకండి.

వరసల లెక్క

వరసకీ వరసకీ 12 అడుగులు, వరసలో మొక్కకీ మొక్కకీ 8 అడుగులు. ఒక వరసలో వాల్‌నట్, ఇండిగో బుష్ ఒకటి విడిచి ఒకటి. పక్క వరస మొత్తం లోకస్ట్. మళ్ళీ వాల్‌నట్ వరస. ఎకరానికి మొత్తం 453 చోట్లు వస్తాయి: వాల్‌నట్ 113, ఇండిగో బుష్ 113, మిగతా 227 లోకస్ట్. చివరికి కోత దాకా నిలిచే వాల్‌నట్‌లు 35కి లోపే కాబట్టి 113 అంటే ఏరుకోవడానికి సరిపడా ఉన్నట్టే. పన్నెండడుగుల సందులో చిన్న ట్రాక్టర్ గడ్డికోత యంత్రంతో తిరుగుతుంది. ఇంతకంటే ఇరుకు చేస్తే కలుపు పని చేతి మీద పడుతుంది. వరసలు ఉత్తర దక్షిణాలుగా ఉంటే ఉదయం ఒకవైపు, సాయంత్రం ఒకవైపు ఎండ సమంగా తగులుతుంది. వాలు నేల అయితే దిక్కులు మరిచిపోయి వాలుకి అడ్డంగా వరసలు తియ్యండి.

నాటే పని

నాటే ముందు ఏడాది ఆగస్టు, సెప్టెంబరులో వరస పొడవునా నాలుగడుగుల పట్టీగా గడ్డి చంపెయ్యాలి. టాల్ ఫెస్క్యూ అనే పచ్చికగడ్డి ఉంటే మరీ ముఖ్యం. దాని వేళ్ళ మధ్య పెట్టిన వాల్‌నట్ ఐదేళ్ళయినా మోకాలెత్తు దాటదు.

మొక్కలు రాష్ట్ర ప్రభుత్వ నర్సరీల్లో, ఉదాహరణకి మిస్సోరిలో లికింగ్ దగ్గరున్న జార్జ్ ఓ. వైట్ నర్సరీ లాంటి చోట, మట్టి లేని వేళ్ళతో ఏడాది వయసువి చవగ్గా దొరుకుతాయి. విత్తనం మూలం మీ ఊరి చుట్టుపక్కలది గానీ, దక్షిణాన 200 మైళ్ళ లోపుది గానీ అయితే మేలు. అంతకంటే దక్షిణానిదైతే చలికి కొమ్మలు మాడతాయి. వేరు మొదట్లో కాండం మందం పెన్సిల్ కంటే కాస్త ఎక్కువ, అంటే అంగుళంలో మూడెనిమిదో వంతు ఉండాలి. అంతకంటే సన్నవాటిని పక్కన పెట్టండి. ఎత్తు చూసి మోసపోవద్దు, మందమే బలం.

మార్చి, ఏప్రిల్ నెలల్లో మొగ్గ విచ్చకముందే నాటాలి. పెట్టె తెరిచాక వేళ్ళు అరగంట ఎండకి ఆరినా మొక్క పోయినట్టే, అందుకని తడి గోనె కప్పిన బక్కెట్లోంచి ఒక్కొక్కటే తియ్యండి. తల్లివేరుని 10 అంగుళాలకి కత్తిరించి, 12 అంగుళాల లోతు గుంతలో నిలువుగా దించండి. వేరు మడత పడితే ఆ చెట్టు జీవితమంతా కుంటుతుంది. నర్సరీలో ఉన్న మట్టి గీతకి సమంగా పెట్టి, మడమతో గట్టిగా తొక్కి, కొసని పట్టుకు లాగి చూడండి. కదలకూడదు.

గింజ నుంచే పెంచాలంటే అక్టోబరులో పై తొక్క ఒలిచి, నీళ్ళలో వేసి, తేలినవి పారేసి, మునిగినవాటిని తడి ఇసుకలో 1 నుంచి 5 డిగ్రీల సెల్సియస్ చల్లదనంలో 90 నుంచి 120 రోజులు ఉంచాలి. ఏప్రిల్‌లో చోటుకి రెండు గింజలు, రెండంగుళాల లోతున. పైన ఇనుప జల్లెడ వల కప్పకపోతే ఉడతలు ఒక్కటీ మిగల్చవు. గింజ చెట్టుకి తల్లివేరు చెదరదన్నది లాభం. మొలిచేవి తక్కువ కావడం నష్టం.

ఇండిగో బుష్‌ని వాల్‌నట్‌తో పాటే నాటొచ్చు. లోకస్ట్ వరసలు మాత్రం ఖాళీగా వదిలి, మూడో ఏట వసంతంలో నాటండి. వాల్‌నట్‌కి రెండు పూర్తి వేసవులు ముందుండాలి. ఆ వరసల్లో రెండేళ్ళూ గడ్డి కోస్తూ ఉంటే చాలు.

నాటేటప్పుడు యూరియా వెయ్యొద్దు. అది ముందు కలుపునే పెంచుతుంది. పైగా నేలలో నత్రజని పుష్కలంగా ఉంటే తోడు చెట్టు వేళ్ళు బుడిపెలు కట్టడం తగ్గించేస్తాయి. భూసార పరీక్షలో భాస్వరం తక్కువని తేలినా, నేల ఆమ్లంగా ఉన్నా వాటిని నాటకముందే సరిచెయ్యండి. ఆ రెండూ బాగా లేనిచోట బుడిపెలు సరిగా పనిచెయ్యవు.

మొదటి ఐదేళ్ళు: కలుపు, జింకలు, బుడిపెలు

మొక్క చుట్టూ నాలుగడుగుల వలయం కనీసం మూడేళ్ళు, వీలైతే ఐదేళ్ళు కలుపు లేకుండా ఉండాలి. గ్లైఫోసేట్ అనే కలుపుమందు కొడితే మొక్క కాండానికి గొట్టం తొడిగి, గాలి లేని పొద్దున కొట్టండి. మోతాదు డబ్బా మీద రాసినట్టే, ఒక్క చుక్క ఎక్కువ వద్దు. చెక్క పొట్టు పరిస్తే మూడంగుళాల మందం పరిచి, కాండానికి నాలుగంగుళాల ఎడం ఉంచండి. ఆనుకుంటే చలికాలం ఎలుకలు దాని కింద చేరి బెరడు చుట్టూ కొరికేస్తాయి.

జింకలున్న చోట ఎనిమిదడుగుల కంచె, లేదా మొక్కకొక ఐదడుగుల ప్లాస్టిక్ గొట్టం. మగ జింకలు శరదృతువులో కొమ్ములు రాపిడి పెట్టేది సరిగ్గా బొటనవేలి లావు కాండానికే, కాబట్టి మొక్క పైకి వచ్చేసిందని గొట్టం తొందరగా తీసెయ్యకండి.

రెండో వేసవిలో ఒక ఇండిగో బుష్ పక్కన పారతో మెల్లగా మట్టి తప్పించి, సన్నటి వేళ్ళు బయటికి తియ్యండి. వడ్లగింజంత, పెసరగింజంత బుడిపెలు వేలాడుతుంటాయి. ఒకదాన్ని గోరుతో చీల్చండి. లోపల గులాబీ ఎరుపు ఉంటే పని జరుగుతోంది. తెల్లగా ఉంటే ఇంకా మొదలు కాలేదు. పచ్చగానో గోధుమరంగులోనో మెత్తబడి ఉంటే అయిపోయింది. బుడిపెలే లేకపోతే ఆ జాతికి తగిన రైజోబియం మందు (బుడిపెలు కట్టించే బాక్టీరియా) తెచ్చి వేళ్ళ దగ్గర తడిమట్టిలో కలపండి. లోకస్ట్‌కి సాధారణంగా ఈ అవసరం రాదు.

ఈ నత్రజని మొదటి ఏడే వాల్‌నట్‌కి అందదు. తోడు చెట్టు పట్టిన నత్రజని దాని ఒంట్లోనే ఉంటుంది. ఆకు రాలి, కుళ్ళి, పాత బుడిపెలు, సన్న వేళ్ళు చచ్చి మట్టిలో కలిశాకే పక్క చెట్టుకి దక్కుతుంది. ఆకురంగులో తేడా కనిపించడానికి నాలుగు నుంచి ఆరేళ్ళు పడుతుంది. దాన్ని తొందరపెట్టే ఉపాయం ఒకటుంది: ఇండిగో బుష్‌ని మూడు నాలుగేళ్ళకోసారి ఫిబ్రవరిలో మొదలంటా కొట్టి, కొమ్మల్ని వాల్‌నట్ మొదట్లో పరచడం. పైన కొట్టినప్పుడు కింద వేళ్ళు కూడా కొంత చచ్చి నేలకి వదులుతాయి.

కాండం దిద్దడం

మొవ్వ మంచుకి మాడినా, పురుగు తొలిచినా, దాని కింద రెండు మూడు కొమ్మలు పోటీపడి లేస్తాయి. జూన్ మొదట్లో తోట అంతా తిరగండి. అన్నిటికంటే బలంగా, నిటారుగా ఉన్నదొకటి ఉంచి మిగతావి తుంచెయ్యాలి. ఉంచింది పక్కకి వాలితే ఎండిన మొవ్వ మొట్టుని కర్రగా వాడుకుని కాగితపు టేపుతో దానికి కట్టండి. ఎండకీ వానకీ ఆ టేపు దానంతట అదే ఊడిపోతుంది. ప్లాస్టిక్ టేపు అయితే కాండంలోకి కోసుకుపోతుంది.

నాలుగో ఏటికి కూడా చెట్టు వంకరగానే ఉంటే దిద్దే ప్రయత్నం మానండి. మార్చిలో నేలకి ఒకటి రెండంగుళాల ఎత్తులో నరికెయ్యండి. గట్టిపడ్డ వేరు మీంచి ఒక్క వేసవిలో నాలుగైదడుగుల నిటారు పిలక లేస్తుంది. అన్నిటికంటే కింది నుంచి వచ్చిన పిలక ఒకటుంచి మిగతావి జూన్‌లో గిల్లెయ్యండి.

పక్క కొమ్మల కత్తిరింపు ఐదో ఏట మొదలవుతుంది. కొమ్మ మొదలు ఒక అంగుళం దాటకముందే తియ్యాలి. రెండంగుళాలు దాటినది తీస్తే గాయం పూడేలోపు కుళ్ళు దిగుతుంది. కాండానికి కొమ్మ అతుక్కునే చోట చిన్న ఉబ్బు ఉంటుంది, దాన్ని కొయ్యకుండా దాని అంచునే కొయ్యండి. గాయానికి రంగు అక్కర్లేదు. ఏడాదికి పచ్చని కొమ్మల్లో పావు వంతుకి మించి తియ్యకూడదు, చెట్టు ఎత్తులో సగమైనా కొమ్మలతో ఉండాలి. చలికాలం చివర దీనికి అదను. ఇలా ఏడాదికి కొంచెం చొప్పున తొమ్మిదడుగులకి చేరాక, నేల నిజంగా బలమైనదైతేనే పదిహేడడుగులకి ప్రయత్నించండి.

లోకస్ట్ తీసెయ్యడం

చాలా తోటలు పాడయ్యేది ఇక్కడే. చెట్లు దట్టంగా, పచ్చగా, అందంగా ఉంటాయి, కొట్టడానికి మనసొప్పదు. ఆ ఒకటి రెండేళ్ళలో వాల్‌నట్ నెత్తి మూసుకుపోయి, వెలుగు కోసం పక్కకి వంగుతుంది. ఆ వంపు మళ్ళీ తిరిగిరాదు.

ఏటా జూన్‌లో ప్రతి వాల్‌నట్ మొదట్లో నిలబడి పైకి చూడండి. దాని మొవ్వ పైన ఆకాశమే కనిపించాలి. లోకస్ట్ కొస మొవ్వ ఎత్తుకి వచ్చిందంటే ఆ చెట్టుని సగం ఎత్తుకి నరకండి, చిగురించి మళ్ళీ పక్క నీడ ఇస్తుంది. లోకస్ట్ సుమారు ఎనిమిది నుంచి పదేళ్ళ వయసుకి వచ్చాక ఒకటి విడిచి ఒకటి పూర్తిగా తీసెయ్యండి. మిగతా సగం రెండు మూడేళ్ళు ఆగి తీసెయ్యాలి. అన్నీ ఒకేసారి కొడితే నీడలో పెరిగిన వాల్‌నట్ కాండం మీద ఒక్కసారిగా ఎండ పడి బెరడు పగులుతుంది. కష్టపడి నున్నగా చేసిన కాండం పొడవునా కొత్త చిగుళ్ళు పుట్టుకొస్తాయి. వాటిలో ప్రతిదీ వెనీర్‌లో ఒక మచ్చ.

లోకస్ట్ మోడుని వదిలేస్తే వేళ్ళ మీద నుంచి ముళ్ళ పిలకలు చేనంతా లేస్తాయి. కోసిన నిమిషాల్లోనే కోత అంచుకి గ్లైఫోసేట్ పూయండి. పిక్లోరామ్ ఉన్న మందులు మాత్రం వాడొద్దు, అవి మట్టిలో నడిచి వాల్‌నట్ వేళ్ళకి చేరతాయి. కాండంలో తొలుచుపురుగు లేని లోకస్ట్‌లు కంచె గుంజలకి పనికొస్తాయి, వాటి అమ్మకం కోత ఖర్చుని కొంత తీరుస్తుంది.

పలుచన

లోకస్ట్ పోయాక వాల్‌నట్‌ల మధ్య వరసలకి 24 అడుగులు, వరసలో 16 అడుగులు మిగులుతాయి. తర్వాతి పలుచన, అంటే కొన్ని వాల్‌నట్‌లు తీసి మిగతావాటికి చోటివ్వడం, ఎప్పుడన్నది వయసుని బట్టి కాదు, గుబురుని బట్టి. ఎండలో స్వేచ్ఛగా ఉన్న వాల్‌నట్ గుబురు వెడల్పు, ఛాతీ ఎత్తున కాండం అడ్డుకొలత అంగుళాల్లో తీసుకుని, రెండింతలు చేసి ఐదు కలిపితే వచ్చినన్ని అడుగులు. ఐదున్నర అంగుళాల చెట్టుకి 16 అడుగుల గుబురు, అంటే వరసలో కొమ్మలు తాకుతున్నాయి, మొదటి పలుచన అప్పుడు. ఎకరానికి 60 చెట్లకి దించండి. సుమారు 11 అంగుళాలకి మళ్ళీ తాకుతాయి. 18 అంగుళాలకి గుబురు 41 అడుగులు, అంటే ఎకరానికి సుమారు 26 చెట్లకే చోటు.

మంచి నేలలో, గుబురుకి ఖాళీ ఉంటే కాండం ఏడాదికి మూడో వంతు నుంచి అర అంగుళం లావెక్కుతుంది. ఆ లెక్కన 18 అంగుళాలకి సుమారు 36 నుంచి 54 ఏళ్ళు. పలుచన ఆలస్యం చేసి తర్వాత ఒక్కసారిగా ఖాళీ ఇస్తే వలయాలు కొన్ని సన్నగా, కొన్ని వెడల్పుగా వస్తాయి. వెనీర్ కొనేవాళ్ళకి కావాల్సింది సమమైన వలయాలు. అందుకని చిన్న చిన్న పలుచనలు ఎక్కువసార్లు చెయ్యండి.

చూసుకోవాల్సిన జబ్బులు

జులై చివరికే ఆకు మచ్చలు పడి రాలుతుంటే అది ఆంత్రాక్నోస్ అనే శిలీంధ్రపు తెగులు. నత్రజని లోటున్న చెట్లకి ఎక్కువ వస్తుంది, తోడు చెట్లున్న చోట సాధారణంగా తక్కువ. పై కొమ్మలు పసుపు తిరిగి ఎండుతూ, బెరడు గీస్తే లోపల చిన్న చిన్న నల్ల పుళ్ళు, సూదిమొన రంధ్రాలు ఉంటే థౌజండ్ క్యాంకర్స్ కావచ్చు. పడమటి రాష్ట్రాల నుంచి వచ్చిన ఈ జబ్బు తూర్పున మొదటిసారి 2010లో టెనెసీలోని నాక్స్‌విల్‌లో బయటపడింది. అనుమానం రాగానే రాష్ట్ర వ్యవసాయ శాఖకి చెప్పండి. బెరడు తియ్యని వాల్‌నట్ దుంగలు, కట్టెలు బయటి నుంచి చేనులోకి తేవద్దు.

అమ్మకం

పెరిగే కాలమంతా వాల్‌నట్ కాండానికి మేకు, కంచె తీగ, వేట మంచె మెట్టు ఏదీ కొట్టనివ్వకండి. లోపలున్న ఒక్క ఇనుప ముక్క చుట్టూ చేవకి నీలి మరక పాకి మొదటి దుంగ ధర పడిపోతుంది. ఇంటి తలుపు తట్టి చెట్టుకింత అని నగదు చూపించేవాళ్ళకి అప్పటికప్పుడు ఒప్పుకోవద్దు. స్వతంత్ర ఫారెస్టర్ (కొనేవాళ్ళతో సంబంధం లేని అటవీ నిపుణుడు) చేత చెట్టు చెట్టుకీ గుర్తు పెట్టించి, డాయిల్ కొలతలో (దుంగ నుంచి ఎంత కోత కలప వస్తుందో అంచనా వేసే లెక్క) బోర్డు అడుగులు రాయించి, మూసిన కవర్లలో బిడ్లు పిలవండి. ఒప్పందంలో ఏ చెట్లు, ఏ దారిన లాగాలి, నేల తడిగా ఉంటే ఎన్నాళ్ళు ఆగాలి అన్నవి రాతపూర్వకంగా ఉండాలి. డబ్బు మొత్తం మొదటి చెట్టు పడకముందే అందాలి.